ఏడు రోజుల్లో ఎడిసన్ నుంచి కేప్ బ్రెటన్ దాకా, అమ్మానాన్నలతో కారులో: సాధ్యమేనా?

ఎడిసన్_వాసి
మాది న్యూజెర్సీలోని ఎడిసన్. జూలై చివరి వారంలో ఏడు రోజులు సెలవు దొరికింది. అమ్మానాన్నలు మార్చిలో వచ్చారు, సెప్టెంబరులో తిరిగి వెళ్తారు. నయాగరా, వాషింగ్టన్ అయిపోయాయి. ఈసారి ఉత్తరంగా అట్లాంటిక్ ఒడ్డు వెంట కారులో వెళ్దామని ఆలోచన. నా లెక్క ఇదీ: మొదటి రోజు మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్, రెండో రోజు అదే రాష్ట్రంలో బార్ హార్బర్, మూడో రోజు సరిహద్దు దాటి కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్, నాలుగో రోజు హాలిఫాక్స్, అయిదో రోజు కేప్ బ్రెటన్ దీవి చుట్టూ తిరిగే కాబట్ ట్రెయిల్ రహదారి. ఆరు, ఏడు రోజుల్లో తిరిగి ఇల్లు.

మేము ఆరుగురం. అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. నాన్నకు 71. పాపకు పది, బాబుకు నాలుగు. ఏడు సీట్ల బండి ఉంది, నడిపేది మాత్రం నేనొక్కడినే. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్నది బందరు. "బందరులో లేని సముద్రం అక్కడేముందిరా" అని అప్పుడే మొదలుపెట్టారు. నా ప్రణాళికలో తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

నిదానమే_ప్రధానం
మొహమాటం లేదు కాబట్టి చెబుతున్నాను. ఎడిసన్ నుంచి కేప్ బ్రెటన్ ఒకవైపే దాదాపు వెయ్యి మైళ్లు. దాన్ని తిరుగు ప్రయాణంలో రెండు రోజుల్లో లాగిస్తానంటున్నారు. సరిహద్దు దగ్గర వరుస, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారు, ఒకే డ్రైవరు. దీన్ని విహారయాత్ర అనరు, లారీ సర్వీసు అంటారు.

మైలురాయి
నేను ఒప్పుకోను. మూడేళ్ల క్రితం కేప్ బ్రెటన్ వెళ్లాం. కాబట్ ట్రెయిల్ 298 కిలోమీటర్లు, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. షెటికాంప్ అనే ఊరు దాటాక దారి కొండ ఎక్కుతుంటే మాట రాదు. అంత దూరం వెళ్లి బార్ హార్బర్‌లో ఆగిపోవడం అంటే అలిపిరిలో దండం పెట్టుకుని వెనక్కి వచ్చేయడమే.

నిదానమే_ప్రధానం
మీరు ఎన్ని రోజుల్లో వెళ్లివచ్చారు?

మైలురాయి
పన్నెండు. అప్పటికి పిల్లలు లేరు.

నిదానమే_ప్రధానం
సరే.

కాగితం_పులి
మైళ్ల సంగతి తరువాత. ముందు కాగితాలు. కెనడాలో అడుగుపెట్టాలంటే భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతివారికీ కెనడా వీసా కావాలి. మీకు, మీ శ్రీమతికి, అమ్మానాన్నలకు. ఉన్నాయా?

గోంగూర_పచ్చడి
అమెరికా వీసా ఉంటే కెనడాకు వీసా అక్కర్లేదు కదా? మా బావమరిది అలాగే వెళ్లాడని గుర్తు.

కాగితం_పులి
మీ బావమరిది వెళ్లింది మెక్సికో అయి ఉంటుంది, లేదా ఆయనకు గ్రీన్ కార్డు ఉండి ఉంటుంది. మెక్సికోకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా చాలు. కెనడా విషయంలో గ్రీన్ కార్డు ఉన్నవారికి మినహాయింపు ఉంది, పాస్‌పోర్టు, కార్డు రెండూ చేతిలో ఉండాలి. హెచ్1బీ వారికి, సందర్శకుల వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు ఆ మినహాయింపు లేదు. అమెరికా వీసా ఉన్న కొన్ని దేశాల వాళ్లు విమానంలో వస్తే కంప్యూటర్లో అనుమతి తీసుకుని వెళ్లే ఏర్పాటు ఉంది. ఆ జాబితాలో భారతదేశం లేదు.

గోంగూర_పచ్చడి
అడిగాను. గ్రీన్ కార్డే. వెనక్కి తీసుకుంటున్నాను.

ఎడిసన్_వాసి
ఎవరికీ లేదు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, వాళ్లకు అమెరికా పాస్‌పోర్టులు ఉన్నాయి. ఇంకొక చిక్కు: నా హెచ్1బీ పొడిగింపు వచ్చింది కానీ పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయింది. కెనడా వెళ్తే తిరిగి రానిస్తారా?

కాగితం_పులి
ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే కాగితం, చెల్లుబాటులో ఉండి, కెనడాలో 30 రోజుల లోపే ఉండి, అక్కడ కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేయకుండా ఉంటే, గడువు తీరిన ముద్రతోనే తిరిగి రావచ్చు. దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. పొడిగింపు నోటీసు, దాని కింద ఉండే కొత్త ఐ-94 ముక్క అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి. సరిహద్దులో ఎవరికీ ఆ ఐ-94 ఇచ్చేయవద్దు. అయితే ఇవన్నీ తిరిగి రావడానికి. లోపలికి వెళ్లడానికి కెనడా వీసా మాత్రం తప్పదు, దానికి వేలిముద్రలు ఇవ్వాలి, వారాలు పడుతుంది. నలుగురికీ జూలై లోపల చేతికి వస్తాయని నేనైతే హోటళ్లకు డబ్బు కట్టను.

మూడో_బెంచీ
ఐ-94 కాగితం ఉంటేనే ఐ-95 రహదారి మీదుగా వెనక్కి రానిస్తారన్నమాట. ఈ దేశంలో అంకెలు కూడా వరుసగానే ఉంటాయి.

హాలిఫాక్స్_హరిత
మాది హాలిఫాక్స్, తొమ్మిదేళ్లుగా ఇక్కడే. మా ఊరికి రమ్మని ఎవరినైనా పిలుస్తాను, మిమ్మల్ని మాత్రం ఈ ఏడు రోజుల్లో రావద్దనే చెబుతాను. పటంలో మా రాష్ట్రం నోవా స్కోషియా చిన్నగా కనిపిస్తుంది. బార్ హార్బర్ నుంచి నేల మీదుగా మా ఊరికే ఒక పూట చాలదు, దాదాపు రోజంతా పోతుంది. బార్ హార్బర్ నుంచి యార్మత్‌కు కార్లు ఎక్కించే వేగపడవ ఉంది, మూడున్నర గంటలు. ఆరుగురికీ, బండికీ కలిపి టికెట్టు చూస్తే మీ నాన్నగారు బందరు సముద్రమే నయమంటారు.

వచ్చే ఏడాది పది పన్నెండు రోజులు పెట్టుకుని రండి. లూనెన్‌బర్గ్, పెగ్గీస్ కోవ్, ఫండీ అఖాతం నిదానంగా చూడవచ్చు. ఫండీ దగ్గర హోప్‌వెల్ రాక్స్ అని ఉన్నాయి. ఉదయం సముద్రం అడుగున బురదలో నడుస్తారు, ఆరు గంటల తరువాత అవే రాళ్ల మధ్య పడవలు తిరుగుతుంటాయి. ఆ అఖాతం లోపలి కొసన మినాస్ బేసిన్ వైపు పోటుకూ ఆటుకూ తేడా 16 మీటర్ల దాకా వెళ్తుంది.

మూడో_బెంచీ
16 మీటర్లా? అడుగులని రాయబోయి మీటర్లని రాశారా?

హాలిఫాక్స్_హరిత
మీటర్లే. అయిదంతస్తుల మేడ. అఖాతం గరాటులా ఉంటుంది, లోపలికి వెళ్లే కొద్దీ సన్నబడుతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆ అఖాతంలో నీరు ఒకసారి లోపలికి వెళ్లి బయటికి రావడానికి పట్టే సమయం, సముద్రపు పోటు వచ్చే పన్నెండున్నర గంటల వ్యవధికి చాలా దగ్గరగా ఉంటుంది. ఊయల సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలోనే మళ్లీ తోస్తే ఎలా పెరుగుతుందో అలాగన్నమాట. విశాఖలో పోటుకూ ఆటుకూ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు, అందుకే మనకు వింతగా ఉంటుంది.

ఎడిసన్_వాసి
ఇది చదివి వినిపించాను. నాన్న పేపరు పక్కన పెట్టి "మళ్లీ చదువు" అన్నారు. కానీ వీసాల సంగతి చూస్తే కెనడా ఈసారికి లేనట్టే. మెయిన్ ఒక్కటే ఏడు రోజులు సరిపోతుందా, ఎక్కువవుతుందా?

బోస్టన్_బాబాయి
ఎక్కువవడమా! మెయిన్ తీరం పటంలో గీత గీసి కొలిస్తే 228 మైళ్లు. ప్రతి అఖాతం, ప్రతి దీవి అంచూ కొలిస్తే 3,478 మైళ్లు. చిరిగిన చీర అంచులా ఉంటుంది. అందుకే అక్కడ "సముద్రం వెంట" కారు నడపడం అనేది ఉండదు. 1వ నంబరు రహదారి పట్టుకుని వెళ్తూ, నచ్చిన చోట సముద్రంలోకి పొడుచుకుపోయిన నేల చివరిదాకా వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. ప్రతి ముక్కకూ గంట, రెండు గంటలు. మూడు ముక్కలు చూస్తే పూట అయిపోయినట్టే. పాతికేళ్లుగా వెళ్తున్నాను, సగం కూడా చూడలేదు.

దారి చెబుతాను. న్యూయార్క్ నగరం మీదుగా 95 పట్టుకోవద్దు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి 287, 684, 84, ఆపైన మాసచూసెట్స్ టోల్ రోడ్డు, 290, 495 మీదుగా వెళ్తే బోస్టన్ కూడా తగలదు. న్యూ హాంప్‌షైర్ దగ్గర 95లో కలుస్తారు. మొదటి రోజు పోర్ట్‌లాండ్‌లో ఆగిపోండి. అక్కడ కేప్ ఎలిజబెత్‌లో పోర్ట్‌లాండ్ హెడ్ లైట్ అని దీపస్తంభం ఉంది, 1791లో మొదటిసారి వెలిగింది, జార్జ్ వాషింగ్టన్ కాలం నాటిది. బండి దగ్గరగా ఆపవచ్చు, అమ్మగారు నడవాల్సింది తక్కువ, పిల్లలు గడ్డిలో పరుగెత్తవచ్చు. అంత పొడుగు ప్రయాణం తరువాత పిల్లలకు కావాల్సింది ఆ గడ్డే.

తూర్పు_తీరం
బాబాయి గారు చెప్పింది నిజమే కానీ 1వ నంబరు రహదారి మీద విస్కాసెట్ వంతెన గురించి హెచ్చరించడం మరిచిపోయారు. వేసవి శనివారం మధ్యాహ్నం అక్కడ ఇరుక్కుంటే బాబు స్కూలుకు వెళ్లే వయసు వచ్చేస్తుంది. వంతెన పక్కనే లాబ్‌స్టర్ బన్ను అమ్మే చిన్న కొట్టు ఉంది, దాని ముందు వరుస, రోడ్డు దాటే జనం. ఉదయం పది లోపల దాటేయండి.

సత్తుగిన్నె
అసలు విషయం ఎవరూ ఎత్తలేదు. తిండి. అమ్మగారు గుడ్డు తినరంటే మెయిన్‌లో కష్టం. సముద్రపు ఒడ్డు హోటళ్లలో బంగాళదుంప వేపుడు కూడా చేపలు వేయించిన నూనెలోనే చేస్తారు, అడగండి. ఆ ఊళ్లలో ఉడికించిన చిక్కుడు గింజల కూర ప్రసిద్ధి, దానిలో సంప్రదాయంగా పంది మాంసం ముక్క వేస్తారు. జోర్డన్ పాండ్ అనే చెరువు దగ్గర టీతో ఇచ్చే పాపోవర్ అనే పొంగిన రొట్టె చూడటానికి డొల్లపూరీలా ముద్దుగా ఉంటుంది, అందులో గుడ్డు ఉంటుంది.

కాబట్టి వండుకోవాలి. కరెంటు కుక్కర్ వద్దు. దాని మూత, లోపలి గిన్నె, కొలత చెంబు, తీగ, అన్నీ ఎక్కడో ఒకచోట పోతాయి. చిన్న కరెంటు పొయ్యి, మూత అక్కర్లేని సత్తు గిన్నె ఒకటి, పైన బోర్లించడానికి పళ్లెం. పులిహోర మొదటి రోజుకు, చల్లడబ్బాలో పెరుగు, కందిపొడి, ఆవకాయ. నీటి బాటిళ్లు గడ్డ కట్టించి చల్లడబ్బాలో పెట్టండి, కరిగాక తాగవచ్చు.

గోంగూర_పచ్చడి
పొయ్యి సరే, తిరగమోత మాత్రం వేయవద్దు. రెండేళ్ల క్రితం ఆ తీరంలోనే ఒక సత్రంలో మా అత్తగారు పప్పులో ఎండుమిర్చి పోపు పెట్టారు. పొగ గంట మోగింది. అందరినీ పైజామాలతో బయట చలిలో నిలబెట్టారు. అగ్నిమాపక బండి వచ్చింది. దిగిన ఆయన గదిలోకి వెళ్లి, వాసన చూసి, బయటికి వచ్చి "అదేమిటో గానీ వాసన బాగుంది" అన్నాడు. అత్తగారు ఆయనకు ఒక గిన్నెలో పెట్టి ఇవ్వబోతే నేను ఆపాను.

సత్తుగిన్నె
ఎందుకు ఆపారు?

గోంగూర_పచ్చడి
ఇప్పటికీ ఆవిడా అదే అడుగుతారు.

నిదానమే_ప్రధానం
గదిలో వంట వద్దని రాసి ఉన్న చోట వండకండి. వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకోండి. బార్ హార్బర్ ఊళ్లో జూలైలో ధరలు మండిపోతాయి. ఆ ఊరు దీవిలో ఉంది, దీవికి వెళ్లే వంతెనకు ఇవతల ట్రెంటన్, ఎల్స్‌వర్త్‌లలో చూడండి. అకాడియా జాతీయ ఉద్యానానికి అరగంట అటూ ఇటూ. మూడు, నాలుగు రాత్రులు ఒకే ఇంట్లో ఉండండి. రోజుకో ఊరు మార్చడం పెద్దవాళ్లకు శిక్ష. పెట్టెలు దింపడం, ఎక్కించడం, మందుల డబ్బా ఎక్కడుందని వెతకడం.

మైలురాయి
సరే, కేప్ బ్రెటన్ వదిలేశాను. కానీ కాడిలాక్ కొండ మీద సూర్యోదయం మాత్రం వదలకండి. అమెరికాలో సూర్యుడు మొదట కనిపించేది అక్కడే.

తూర్పు_తీరం
జూలైలో కాదండీ. కాడిలాక్‌కు ఆ గౌరవం అక్టోబరు 7 నుంచి మార్చి 6 దాకానే. వేసవిలో ఆ మొదటి కిరణం ఇంకా ఉత్తరాన మార్స్ హిల్ అనే కొండకు వెళ్తుంది. సూర్యుడు ఉదయించే దిక్కు ఉత్తరానికి జరుగుతుంది కదా. చూడదగ్గదే, కాదనను. 1,530 అడుగుల ఎత్తు, కింద దీవులన్నీ పరిచినట్టు ఉంటాయి. పైదాకా కారు వెళ్తుంది, మోకాళ్లకు ఇబ్బంది లేదు.

మైలురాయి
ఈ చర్చలో నాకు ఒక్క మాట కూడా కలిసి రావడం లేదు.

కాగితం_పులి
ఆ కొండ మీదికి కారుకు విడిగా సమయం టికెట్టు కొనాలి, మే చివర నుంచి అక్టోబరు దాకా. 6 డాలర్లు, ఉద్యాన ప్రవేశానికి ఇది అదనం. 30 శాతం టికెట్లు 90 రోజుల ముందు, మిగతా 70 శాతం రెండు రోజుల ముందు ఉదయం పది గంటలకు కంప్యూటర్లో విడుదల చేస్తారు. సూర్యోదయం టికెట్లు నిమిషాల్లో పోతాయి. పండగ సీజన్లో సంక్రాంతి రైలు టికెట్టు కొన్న అనుభవం ఉంటే ఇది సులభమే. గేటు దగ్గర టికెట్లు అమ్మరు.

ప్రవేశ రుసుము: కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు. 2026 జనవరి నుంచి ఇంకొకటి వచ్చింది, గమనించండి. అకాడియాతో కలిపి పదకొండు జాతీయ ఉద్యానాల్లో, అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు దాటినవారికి తలకు 100 డాలర్లు అదనం. మీ అమ్మానాన్నలు ఇద్దరూ ఆ లెక్కలోకే వస్తారు. 250 డాలర్ల వార్షిక పాసు తీసుకున్న విదేశీయులకు ఈ అదనం ఉండదు, మీకు ఒక్క ఉద్యానమే కాబట్టి అది లాభం కాదు.

బోస్టన్_బాబాయి
62 దాటినవారికి చవక పాసు ఉంది కదా, జీవితాంతం పనికొచ్చేది. నాకు ఉంది.

కాగితం_పులి
అది అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే బాబాయి గారూ. కానీ పాప నాలుగో తరగతి అయితే ఒక లాభం ఉంది. నాలుగో తరగతి పిల్లలకు ఆగస్టు చివరిదాకా ఉచిత పాసు ఇస్తారు, కంప్యూటర్లో తీసుకుని అచ్చు వేయించుకోవాలి. ఆ 35 మిగులుతాయి.

ఎడిసన్_వాసి
నాలుగో తరగతే! పాపకు చెబితే "నేనే మీ అందరినీ తీసుకెళ్తున్నాను" అని ఇంట్లో ప్రకటన ఇచ్చింది. 200 డాలర్ల సంగతి నాన్నకు ఇంకా చెప్పలేదు.

మూడో_బెంచీ
చెప్పకండి. బందరు బస్సు టికెట్టుతో లెక్క కడతారు.

తూర్పు_తీరం
అకాడియాలో ఏం చూడాలో కొంచెం. ఉద్యానంలో చుట్టుదారి 27 మైళ్లు. జూన్ చివర నుంచి అక్టోబరు మధ్య దాకా ఉచిత బస్సులు తిరుగుతాయి, బండి ఆపే చోటు కోసం తిరిగే బాధ తప్పుతుంది. సాండ్ బీచ్‌లో దిగేటప్పుడు పిల్లలకు ముందే చెప్పండి, జూలైలో కూడా నీళ్లు ఐసు ముక్కలే. థండర్ హోల్ అనే రాతి గుంతలో అల లోపలికి దూరి ఉరిమినట్టు మోగుతుంది, పూర్తి పోటుకు గంట, రెండు గంటల ముందు వెళ్తేనే. ఆటులో వెళ్తే గుంత గుటకలు మింగుతున్నట్టు ఉంటుంది, అంతే.

జోర్డన్ పాండ్ పక్క చదునైన దారి ఉంది, అమ్మగారు పది నిమిషాలు నడిచి కూర్చోవచ్చు. కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ వేయించిన గుర్రబ్బండ్ల దారులు 45 మైళ్లు, వాటి మీద ఇప్పటికీ కార్లకు అనుమతి లేదు.

ఉద్యానంలో ఎక్కువ భాగం ఉన్న దీవి పేరు మౌంట్ డెజర్ట్. 1604లో షాంప్లేన్ అనే ఫ్రెంచి నావికుడు కొండల నెత్తిన చెట్లు లేకపోవడం చూసి బోడికొండల దీవి అని పెట్టాడు. స్థానికులు మాత్రం భోజనం తరువాత తినే మిఠాయిలా "డిజర్ట్" అని పలుకుతారు.

హాలిఫాక్స్_హరిత
నాన్నగారు సముద్రం మనిషి కాబట్టి బార్ ఐలాండ్ చూపించండి. ఊరి వీధి చివర నుంచి, ఆటు సమయంలో సముద్రంలోంచి గులకరాళ్ల దారి తేలుతుంది. దాని మీద నడిచి దీవికి వెళ్లవచ్చు. కనిష్ఠ మట్టానికి గంటన్నర ముందు, గంటన్నర తరువాత మాత్రమే. ఆలస్యమైతే దీవిలో ఇరుక్కుంటారు, మళ్లీ దారి తేలడానికి తొమ్మిది గంటలు. ప్రతి వేసవిలో ఎవరో ఒకరు ఆ దారి మీద కారు ఆపి, తిరిగి వచ్చేసరికి కారు మునిగి ఉంటుంది.

సత్తుగిన్నె
పిడుదుల గురించి కూడా. మెయిన్ గడ్డిలో జింక పిడుదులు ఉంటాయి, వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. పిల్లలకు పొడవు పంట్లాములు వేసి, సాయంత్రం మోకాలి వెనక, చెవుల వెనక, జుట్టులో చూడండి.

నిదానమే_ప్రధానం
చివరి మాట. ఒక రోజు ఖాళీగా ఉంటే లూబెక్ వెళ్లండి. ఎర్ర, తెల్ల చారల దీపస్తంభం, వెస్ట్ క్వాడీ హెడ్. అలాస్కా, హవాయి కాకుండా మిగతా అమెరికాకు అదే తూర్పు కొస. బార్ హార్బర్ నుంచి రెండుంపావు గంటలు. అక్కడ వంతెన అవతల కనిపించేది కాంపొబెల్లో, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వేసవి ఇల్లు ఉన్న దీవి. అది కెనడా, పొరపాటున వంతెన ఎక్కవద్దు. ఇంకొకటి, అక్కడ ఫోను కెనడా టవరు పట్టుకుని గంట ముందుకు దూకుతుంది. మేము తెల్లవారుజామున నాలుగింటికి లేచామనుకుని మూడింటికి లేచాం.

ఎడిసన్_వాసి
*(ఆగస్టు)*
వెళ్లివచ్చాం. ఇన్ని సలహాలు ఇచ్చినవారికి లెక్క చెప్పకపోతే బాగుండదు.

బాబాయి గారి దారి అద్భుతం, పోర్ట్‌లాండ్‌కు మధ్యాహ్నం రెండింటికి చేరాం. ట్రెంటన్‌లో వంటగది ఉన్న ఇల్లు, నాలుగు రాత్రులు. విస్కాసెట్ ఉదయం తొమ్మిదింటికే దాటాం, అయినా ఇరవై నిమిషాలు. కామ్డెన్‌లో మౌంట్ బాటీ కొండ పైకి కారులోనే వెళ్లవచ్చని ఎవరూ చెప్పలేదు, రేవు మొత్తం కింద బొమ్మల కొలువులా ఉంది. అమ్మకు అన్నిటికంటే నచ్చింది అదే. పెనోబ్‌స్కాట్ వంతెన స్తంభంలో లిఫ్టు ఎక్కి 420 అడుగుల పైకి వెళ్లాం, నాన్న కళ్లు మూసుకున్నారు, ఒప్పుకోరు.

కాడిలాక్ సూర్యోదయం టికెట్టు దొరికింది. మూడున్నరకు లేచి, పిల్లలను నిద్రలోనే బండిలో వేసుకుని వెళ్లాం. పైన పొగమంచు. పక్కన ఉన్న మనిషి కనబడలేదు, సూర్యుడెక్కడ? అమ్మ దుప్పటి కప్పుకుని తూర్పుకు తిరిగి దండం పెట్టింది. "కనబడకపోతే ఏమిరా, దిక్కు అదే కదా" అంది. మైలురాయి గారూ, మీ మాట ఈసారీ కలిసి రాలేదు.

బార్ ఐలాండ్ గురించి మాత్రం కొంచెం వివరంగా రాయాలి. అమ్మ, మా ఆవిడ, బాబు ఒడ్డున ఉండిపోయారు. నేను, నాన్న, పాప నడిచి వెళ్లాం. నాన్న దారి మధ్యలో ఆగి, నీటి అంచున ఒక రాయి పెట్టారు. దీవి మీద చెట్లలోకి వెళ్దామంటే ఆయన రాలేదు, ఆ రాయి కనిపించే చోటే కూర్చున్నారు. మేము తిరిగి వచ్చేసరికి నా లెక్క ప్రకారం ఇంకా నలభై నిమిషాలు ఉంది. పాప గవ్వలు ఏరుకుంటానంది. నాన్న "రాయి మునిగింది, పదండి" అన్నారు. సమయం ఉందని ఫోనులో పట్టిక చూపించబోయాను. ఆయన పాప చెయ్యి పట్టుకుని అప్పటికే నడుస్తున్నారు. బందరు నుంచి ఎవరో పిలిచినట్టు నడిచారు.

ఒడ్డుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాం. మేము చూస్తుండగానే రెండు వైపుల నుంచీ నీళ్లు వచ్చి, నడిచి వచ్చిన దారి మధ్యలో కలిశాయి. చప్పుడు లేదు. అప్పుడు పాపతో నాన్న 1977 ఉప్పెన సంగతి మొదలుపెట్టారు. ఆయనకు అప్పుడు 22 ఏళ్లు. నీళ్లు తీశాక దివిసీమ వైపు సాయానికి వెళ్లిన కుర్రాళ్లలో ఆయన కూడా ఉన్నారట. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. పాప అడుగుతుంటే చెబుతూ పోయారు, చీకటి పడేదాకా. నేను పక్క నుంచి విన్నాను.

హాలిఫాక్స్_హరిత
వచ్చే ఏడాది ఆయనను హోప్‌వెల్ తీసుకురండి. వీసా దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.

కాగితం_పులి
నేను చెప్పబోయిందీ అదే. 200 డాలర్ల సంగతి చెప్పారా?

ఎడిసన్_వాసి
గేటు దగ్గర ఆయనే విన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పాప పాసు చూసి "దీనివల్ల ఎంత మిగిలింది" అని అడిగి, పాపకు అయిదు డాలర్లు ఇచ్చారు.

మూడో_బెంచీ
వంట ఎలా సాగింది? పొగ గంట మోగిందా?

ఎడిసన్_వాసి
మోగలేదు, తిరగమోత ఇంటి దగ్గరే డబ్బాలో వేసుకుని వెళ్లాం. కానీ ఒక పొరపాటు జరిగింది. సత్తుగిన్నె గారు చెప్పినా వినకుండా మా ఆవిడ కరెంటు కుక్కర్ పెట్టింది. దాని మూత ట్రెంటన్ ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఆ కుక్కర్ మూత విడిగా ఎక్కడైనా దొరుకుతుందా? అయిదు కప్పుల సైజు.

సత్తుగిన్నె
దొరకదు. పళ్లెం బోర్లించండి.